పక్కన కూర్చోబెట్టి నోరు నొక్కితే అది సమానత్వం కాదు

గొర్రెలు. ఈ మాట మన పల్లెల గురించి ఈ మధ్య బాగా వినపడుతోంది. ప్రార్థనకు పోయే మాలమాదిగలను గొర్రెలంటున్నారు. బాబాల కాళ్ళ మీద పడే కూలిజనాన్నీ గొర్రెలంటున్నారు. బస్సులో అంటారు, టీ కొట్టు దగ్గర అంటారు. మేము పాఠాలు చెప్పే చోట స్టాఫ్ రూములో కూడా అన్నారు. "బియ్యం మూట ఇస్తానంటే ఎవడి వెనకైనా పోయే జనం సార్ వీళ్ళు. బుర్ర ఉంటే పోతారా?" అని ఒక మేష్టారు మా ముందే అన్నాడు. మేము ఏ పల్లె నుంచి వచ్చామో ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు.

ఆ రోజు మాకు కోపం వచ్చింది. కోపంలో సరైన జవాబు రాలేదు. ఇప్పుడు చెబుతున్నాం. అయితే ఇది ఆయన కోసం రాస్తున్నది కాదు, మన కోసం రాస్తున్నది. ఎందుకంటే ఆయన మాటకు జవాబు వెతుక్కుంటూ పోతే అది తిరిగి తిరిగి మన సంఘం గుమ్మంలోకే వచ్చి నిలబడింది.

ఈ పక్షం అమెరికా నల్లజాతి ప్రజల కథ ఒకటి చెబుతాం. వాళ్ళ కథ మనకెందుకు అని అడిగేవాళ్ళు ఉండరనే అనుకుంటున్నాం. 1972లో బొంబాయి మురికివాడల నుంచి లేచిన మన యువకులు బ్లాక్ పాంథర్లను చూసే తమకు దళిత్ పాంథర్లని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ పోరాటం నుంచి నేర్చుకున్నాం. వాళ్ళకు జరిగిన మోసం నుంచి కూడా నేర్చుకోవాలి.

1978 నవంబరు 18. దక్షిణ అమెరికాలో గయానా దేశం. చెరుకు తోటల్లో చాకిరీకి బ్రిటిష్ దొరలు 1838 నుంచి మన దేశపు కూలీలను ఓడల్లో తోలుకుపోయిన దేశమది. మద్రాసు రేవులో ఓడెక్కిన తమిళ, తెలుగు కూలీల చెమట కూడా ఆ నేలలో ఉంది. ఆ దేశపు అడవిలో, 'పీపుల్స్ టెంపుల్' అనే అమెరికన్ మతసంస్థ కట్టుకున్న జోన్స్‌టౌన్ అనే ఊళ్ళో, ఆ ఒక్క సాయంత్రం 909 మంది చనిపోయారు. అదే రోజు దగ్గరలోని విమానాల దిగుడు స్థలంలో ఐదుగురిని కాల్చి చంపారు. అందులో అమెరికా పార్లమెంటు సభ్యుడు లియో ర్యాన్ ఒకడు. రాజధాని జార్జ్‌టౌన్‌లో మరో నలుగురు. మొత్తం 918 మంది. పిల్లలే 300 మందికి పైన.

సైనైడ్ కలిపిన ద్రాక్షరంగు షర్బతు అది. ఆ తర్వాత అమెరికాలో ఒక సామెత పుట్టింది. ఎవరైనా గుడ్డిగా ఒకడి వెనక పోతే 'వీడు కూల్‌ఎయిడ్ తాగాడు' అంటారు. కూల్‌ఎయిడ్ అంటే అక్కడ దొరికే ఒక షర్బతు పొడి. నిజానికి ఆ రోజు వాడింది ఎక్కువగా ఫ్లేవర్ ఎయిడ్ అనే వేరే రకం. సామెతకు ఆ నిజంతో పనిలేదు. ఆఫీసుల్లో, టీవీల్లో నవ్వుకుంటూ వాడతారు. మన స్టాఫ్ రూములో 'గొర్రెలు' అన్నట్టే.

నవ్వేవాళ్ళు ఒక సంగతి చెప్పరు. జోన్స్‌టౌన్‌లో చచ్చినవాళ్ళలో 100కి దాదాపు 70 మంది నల్లవాళ్ళు. నల్ల ఆడవాళ్ళే దాదాపు సగం. జీవితమంతా తెల్లవాళ్ళ ఇళ్ళలో గిన్నెలు తోమి, పిల్లల్ని సాకి, ముసలితనంలో పింఛను తీసుకుంటున్న తల్లులు ఎందరో ఉన్నారు. వీళ్ళను నడిపించినవాడు జిమ్ జోన్స్ అనే తెల్లవాడు.

బుర్ర లేక వెళ్ళారా? బతికి బయటపడిన వాళ్ళను అడుగుదాం. చచ్చినవాళ్ళ తరఫున మాట్లాడే హక్కు ముందు వాళ్ళకుంది.

హయసింత్ త్రాష్ అనే నల్ల తల్లి అలబామాలో పుట్టింది. అలబామా అంటే బస్సులో నల్లవాళ్ళకు వెనక సీట్లు, మంచినీళ్ళకు వేరే కుళాయి. మన హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి లాంటిదే. ఆమె ఉత్తరాదికి, ఇండియానాపోలిస్‌కు వచ్చింది. అక్కడా నల్లవాళ్ళ చర్చి వేరు, తెల్లవాళ్ళ చర్చి వేరు. 1950ల నడుమ జిమ్ జోన్స్ ఆ ఊళ్ళో చర్చి పెట్టాడు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే బల్ల మీద కూర్చోవాలన్నాడు. ఆకలైనవాళ్ళకు ఉచితంగా భోజనం పెట్టాడు. నల్ల పిల్లవాణ్ణి దత్తత తీసుకుని తన పేరే పెట్టాడు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి పాడే పాటబృందాన్ని హయసింత్ చెల్లెలు టీవీలో చూసింది. నా చర్చి నాకు దొరికిందని సంబరపడింది. 1957లో అక్కచెల్లెళ్ళిద్దరూ చేరారు.

దీన్ని బుర్ర లేకపోవడం అందామా? తరతరాలుగా గుడి మెట్టు ఎక్కనివ్వని దేశంలో పుట్టిన మనం అనగలమా? ఎవడో ఒకడు పేరు చివర 'గారు' చేర్చి పిలిచి, కుర్చీ చూపించి కూర్చోమంటే మన అమ్మల కళ్ళలో నీళ్ళు తిరగడం మనం చూడలేదా?

ఓడెల్ రోడ్స్ అనే నల్ల యువకుడు ఇంకోరకంగా వచ్చాడు. సైన్యంలో పనిచేసి వచ్చి, హెరాయిన్‌కు అలవాటుపడి వీధిన పడ్డాడు. ఏ ఆస్పత్రీ, ఏ సర్కారూ మాన్పించలేని ఆ అలవాటును టెంపుల్ మాన్పించిందని ఆయనే చెప్పాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిల్‌మోర్ అనే నల్లవాళ్ళ పేటను పట్టణాభివృద్ధి పేరుతో బుల్‌డోజర్లతో కూల్చారు. వేలమంది ఇళ్ళు పోయాయి. 1970ల మొదట్లో టెంపుల్ సరిగ్గా ఆ పేట పక్కనే తలుపు తెరిచింది. తిండి, వైద్యం, ముసలివాళ్ళకు నీడ, కోర్టు కేసులకు వకీలు. సర్కారు చెయ్యాల్సిన పని చెయ్యకపోతే ఆ ఖాళీలోకి ఎవడో ఒకడు వస్తాడు. వచ్చినవాడు మంచివాడా చెడ్డవాడా అని ఆరా తీసే తీరిక ఇల్లు కూలినవాడికి ఉండదు.

తెల్లవాళ్ళు కూడా చేరారు. లారా జాన్‌స్టన్ కోల్ వాళ్ళలో ఒకామె. జాతి తేడాల్లేని లోకం కట్టాలని వచ్చింది. డెబోరా లేటన్ చిన్న వయసులోనే చేరింది. తర్వాతి కాలంలో ఆమె చెప్పిన మాట సారాంశం ఇది: తనకు చెడు చేసే ముఠాలో చేరుతున్నానని తెలిసి ఎవరూ చేరరు. మంచి పని చేసే చోట, మంచి మనుషుల మధ్యకు వెళ్తున్నాననుకునే చేరతారు.

మొదటి జవాబు ఇదే. వాళ్ళు పిచ్చి కోసం పోలేదు. సమానత్వం కోసం పోయారు.

మరి ఆ సమానత్వం లోపల ఏమైంది? ఇది కూడా లోపల ఉన్నవాళ్ళే చెప్పారు.

ఒకటి, అద్భుతాలు. కోడి పేగులూ గుండెకాయలూ చేతిలో దాచుకొచ్చి, రోగి కడుపులోంచి క్యాన్సరు గడ్డ తీశామని సభలో చూపించేవాళ్ళు. మన ఊళ్ళల్లో మంత్రగాడు నోట్లోంచి నిమ్మకాయ తీసినట్టే.

రెండు, ఆస్తి. మొదట ఆదాయంలో కొంత, తర్వాత ఇంకొంత, ఆ తర్వాత జీతమంతా, ఇల్లంతా. ముసలి తల్లుల పింఛను చెక్కులు కూడా టెంపుల్‌కే. హయసింత్ కూడా ఇల్లు ఇచ్చేసింది. బయటికి పోదామంటే పోవడానికి ఇల్లుండాలి కదా.

మూడు, భయం. భార్య మీద భర్త, తల్లి మీద బిడ్డ చెప్పాలి. తప్పు చేశారన్న వాళ్ళను అందరి ముందు నిలబెట్టి తిట్టేవాళ్ళు, కొట్టేవాళ్ళు. ఖాళీ కాగితాల మీద సంతకాలు చేయించుకునేవాళ్ళు. తెల్లకాగితం మీద వేలిముద్ర అంటే ఏమిటో మన తాతలకు తెలుసు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. జనం నల్లవాళ్ళు, పెత్తనం తెల్లవాళ్ళది. ప్లానింగ్ కమిషన్ అనే పెద్దల కమిటీలో ఎక్కువమంది తెల్లవాళ్ళే. 1973లో ఎనిమిదిమంది కాలేజీ కుర్రవాళ్ళు, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి, టెంపుల్ వదిలిపోయారు. పోతూ పోతూ ఉత్తరం రాశారు. జాతి సమానత్వం అని మనం ఉపన్యాసాలు చెబుతున్నాం, మరి నాయకత్వంలో నల్లవాళ్ళు ఎక్కడున్నారని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. అడిగినవాళ్ళకు ద్రోహులనే పేరు మాత్రం వచ్చింది.

అప్పటికి బయట ప్రపంచంలో జిమ్ జోన్స్ పెద్దమనిషి. ఓట్లు వేయించగలడు, ఊరేగింపులకు జనాన్ని దింపగలడు. శాన్‌ఫ్రాన్సిస్కో మేయరు ఆయన్ను నగర గృహనిర్మాణ సంస్థలో వేశాడు. 1977లో ఆయనే దానికి ఛైర్మన్. బయటికి వచ్చిన మాజీ సభ్యులు కొట్టారు, దోచారు అని మొత్తుకుంటే వినేవాడు లేడు. ఎవరి మాట నమ్మాలి? ఛైర్మన్ గారి మాటా, ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళ మాటా? చివరికి 1977 ఆగస్టులో న్యూ వెస్ట్ అనే పత్రిక పదిమంది మాజీ సభ్యుల మాటలు అచ్చువేసింది. వాళ్ళు పేర్లు దాచుకోలేదు. భయపడుతూనే నిలబడ్డారు. ఆ వ్యాసం వచ్చే వేళకే జోన్స్ గయానాకు దాటిపోయాడు. వందలమంది వెనకాలే వెళ్ళారు.

జాతి అహంకారం లేని దేశంలో మన నేల, మన పంట అన్నాడు. భూమి లేని జనానికి భూమి అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా? వెళ్ళాక పాసుపోర్టులు లాక్కున్నారు. రాసిన ఉత్తరాలు చదివిగాని పంపరు. పొలంలో ఉన్నా, పడుకున్నా, లౌడ్‌స్పీకర్లో జోన్స్ గొంతే. చుట్టూ అడవి. తుపాకుల కాపలా. రాత్రిళ్ళు సైరన్ మోగించి అందరినీ లేపి, శత్రువులు వస్తున్నారు, చావడానికి సిద్ధమా అని అడిగేవాడు. దీనికి 'వైట్ నైట్' అని పేరు. చావుకు రిహార్సల్సు. డెబోరా లేటన్ 1978 మేలో తప్పించుకుని వచ్చి, జూన్‌లో ప్రమాణపత్రం రాసి ఈ సంగతులన్నీ చెప్పింది. అధికారులు కదలలేదు. నవంబరు 17న లియో ర్యాన్ కొందరు విలేకరులతో, సభ్యుల బంధువులతో కలిసి జోన్స్‌టౌన్‌కు వెళ్ళాడు. మర్నాడు పదిహేను మంది దాకా ఆయనతో వచ్చేస్తామన్నారు. విమానం దగ్గర తుపాకులు పేలాయి.

ఇక ఆ సాయంత్రం. ఇది మనం జాగ్రత్తగా వినాలి. వినాలి అని ఊరికే అనడం లేదు. ఆ సభను వాళ్ళే టేపు మీద రికార్డు చేశారు. ముప్పావు గంట టేపు. అమెరికా పోలీసులకు దొరికింది.

జోన్స్ చావు గురించి మాట్లాడుతున్నాడు. చుట్టూ జనం చప్పట్లు. అప్పుడు ఒక నల్ల తల్లి లేచి మైకు దగ్గరకు వచ్చింది. పేరు క్రిస్టీన్ మిల్లర్. 60 ఏళ్ళ మనిషి. రష్యాకు పోదామన్నారు కదా, ఆ దారి మూసుకుపోయిందా అని అడిగింది. చావంటే నాకు భయం లేదు, కానీ ఈ పసిబిడ్డల్ని చూడండి, వాళ్ళకు బతికే హక్కు లేదా అని అడిగింది. ఎవరి బతుకు ఎలా ఉండాలో వాళ్ళు తేల్చుకునే హక్కు వాళ్ళకు ఉండాలంది. తడబడలేదు. మర్యాద తప్పలేదు.

ఆమె నోరు మూయించింది ఎవరు? జోన్స్ ఒక్కడే కాదు. జనం అరిచారు. పక్కవాళ్ళు అరిచారు. ఆమె జాతివాడే ఒకడు లేచి, నువ్వు ఇవాళ ఇక్కడ నిలబడ్డావంటే ఆయన పెట్టిన భిక్ష కాదా అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఆ మాట తర్వాత ఆమెకు మాట్లాడే చోటు లేకుండా పోయింది. టేపులో ఆమె గొంతు ఆగిపోతుంది. చనిపోయినవాళ్ళ పేర్లలో ఆమె పేరుంది.

ముందు పిల్లలకు పోశారు. పసివాళ్ళకు సిరంజిలతో నోట్లో పోశారు. బిడ్డ చేతుల్లో చచ్చాక తల్లి ఇంకెందుకు బతుకుతుంది? చుట్టూ తుపాకులు. గయానా ప్రభుత్వ వైద్యుడు లెస్లీ మూటూ శవాల మీద సూది గుర్తులు చూశానని చెప్పాడు. దీన్ని లోకమంతా సామూహిక ఆత్మహత్య అని రాసింది. 300 మంది పిల్లలు ఆత్మహత్య చేసుకున్నారా? ఇది హత్య. జోన్స్ ఆ విషం తాగలేదు. తలలో తూటాతో చచ్చాడు.

ఇంకో దొంగతనం కూడా చేశాడతను. బ్లాక్ పాంథర్ నాయకుడు హ్యూయీ న్యూటన్ 'విప్లవాత్మక ఆత్మహత్య' అనే మాట వాడాడు. ప్రాణం పోతుందని తెలిసినా దుర్మార్గపు రాజ్యాన్ని ఎదిరించి నిలబడాలని ఆయన ఉద్దేశం. జోన్స్ ఆ మాటను ఎత్తుకుపోయి విషపు గంగాళానికి పేరు పెట్టాడు. మన మాటల్ని ఎత్తుకుపోయి మన మీదికే తిప్పేవాళ్ళు మనకు కొత్త కాదు. అంబేద్కర్ బొమ్మకు దండ వేసి, అంబేద్కర్ చెప్పిందానికి నిప్పు పెట్టేవాళ్ళను రోజూ చూస్తూనే ఉన్నాం.

ఆ రోజు ఉదయమే పదకొండు మంది వనభోజనానికి పోతున్నామన్నట్టు అడవిలోకి నడిచి తప్పించుకున్నారు. వాళ్ళలో లెస్లీ వాగ్నర్ విల్సన్ అనే నల్ల యువతి మూడేళ్ళ కొడుకును వీపుకు కట్టుకుని దాదాపు 30 మైళ్ళు నడిచింది. వెనక తల్లి, తోబుట్టువులు, భర్త అందరూ పోయారు. ఓడెల్ రోడ్స్, స్టాన్లీ క్లేటన్ చావు జరుగుతున్న చోటునుంచే తప్పించుకున్నారు. హయసింత్ త్రాష్ నడవలేని మనిషి. తన గదిలోనే ఉండిపోయింది. పొద్దున లేచి చూస్తే ఊరంతా శవాలు. నా చర్చి దొరికిందని సంబరపడిన చెల్లెలు కూడా అందులో ఉంది.

శవాల్ని అమెరికాకు తెచ్చారు. పూడ్చడానికి చాలా శ్మశానాలు ఒప్పుకోలేదు. చచ్చాక కూడా చోటు లేకపోవడం అంటే ఏమిటో, శవాన్ని మోసుకుని ఊరి చుట్టూ తిరిగి వెళ్ళే మన పల్లెలకు వివరించక్కర్లేదు. చివరికి ఓక్లండ్‌లో ఎవర్‌గ్రీన్ శ్మశానం చోటిచ్చింది. ఎవరూ తీసుకుపోని 400కు పైగా శవాలు, అందులో ఎందరో పిల్లలు, 1979లో అక్కడ ఒకే చోట పూడ్చారు. వాళ్ళ పేర్లు రాతి పలకల మీదికి ఎక్కడానికి 2011 దాకా పట్టింది.

బతికినవాళ్ళు ఏళ్ళ తరబడి నోరు విప్పలేదు. ఉద్యోగం ఇచ్చినవాడికి చెప్పలేదు, పక్కింటివాళ్ళకు చెప్పలేదు. చెబితే సామెత చెప్పి నవ్వుతారు. బయటికి వచ్చాక కూడా ఆ నవ్వే వాళ్ళను లోపల పెట్టి తాళం వేసింది. హయసింత్ తన కథను 1995లో పుస్తకంగా చెప్పింది. డెబోరా పుస్తకం 1998లో వచ్చింది. లెస్లీ తన పుస్తకానికి 'విశ్వాసపు బానిసత్వం' అనే అర్థం వచ్చే పేరు పెట్టి 2009లో వేసుకుంది. యూజీన్ స్మిత్ అనే నల్లవాడు భార్యనీ, పసిబిడ్డనూ, తల్లినీ అక్కడ పోగొట్టుకున్నాడు. ఆయన పుస్తకం 2021లో గాని రాలేదు. లారా కోల్ తర్వాత బడిపంతులమ్మ అయింది, 2019లో చనిపోయేదాకా ఆ మనుషుల గురించి చెబుతూనే ఉంది.

వీళ్ళ మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కనపడుతుంది. వాళ్ళెవరూ ఒక్క మాటే చెప్పరు. రెండు మాటలు చెబుతారు. ఆ నాయకుడు మోసగాడు, హంతకుడు. ఇది ఒక మాట. అక్కడి జనం మంచివాళ్ళు, మేము కన్న కల అబద్ధం కాదు. ఇది రెండో మాట. బయటివాళ్ళకు మొదటి మాట చాలు. రెండో మాట వినరు. లోపలివాళ్ళు రెండో మాట పట్టుకుని మొదటిది విననివ్వరు. రెండూ కలిపి వింటేనే నిజం.

స్టాఫ్ రూము మేష్టారికి ఇదీ మా జవాబు. మా వాళ్ళు గౌరవం కోసం పోతారు. మీరు మీ బావి దగ్గర, మీ గుడి దగ్గర, మీ ఇంటి గుమ్మం దగ్గర ఇవ్వని గౌరవం కోసం పోతారు. మోసపోతే ఆ మోసంలో మీ వాటా కూడా ఉంది. 1991లో చుండూరులో మనవాళ్ళను నరికి కాలవలో పడేసినప్పుడు కూడా చచ్చినవాళ్ళ మీదే తప్పులు వెతికారు. బాధితుడి నెత్తిన తప్పు రుద్దడం మీకు పాత అలవాటు.

ఇక్కడితో ఆపితే మాకు చప్పట్లు వస్తాయి. కానీ ఆపకూడదు. జవాబులో రెండో సగం మనకు సంబంధించింది.

అంబేద్కర్ 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాడు. నడుమ 21 ఏళ్ళు. అన్ని ఏళ్ళు ఎందుకు పట్టింది? చదివాడు, అడిగాడు, వాదించాడు. చివరికి ఎన్నుకున్నది, నేను దారి చూపేవాణ్ణే గాని మోక్షం ఇచ్చేవాణ్ణి కాదన్న బుద్ధుణ్ణి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన హెచ్చరిక మనం పండగలకు గుర్తు చేసుకుని మర్నాడు మరిచిపోతాం. ఎంత గొప్పవాడైనా సరే, మన స్వేచ్ఛను తీసుకెళ్ళి ఒక మనిషి కాళ్ళ దగ్గర పెట్టకూడదన్నాడు. మతంలో భక్తి ముక్తికి దారేమో గాని, రాజకీయాల్లో భక్తి పతనానికీ నియంతృత్వానికీ దారి అన్నాడు. అలా చెప్పినవాణ్ణే కొందరు దేవుణ్ణి చేసి, ఆయన పేరుతో నోళ్ళు మూయిస్తున్నారు.

ఎవరో కాదు, మేము కూడా మూయించాం.

కొన్నేళ్ళ కిందట మా సంఘం వార్షిక సభ జరిగింది. వేదిక మీద తొమ్మిది కుర్చీలు, తొమ్మిదింటిలోనూ మగవాళ్ళమే. కూలికి పోయే ఒక అక్క కింద నుంచి లేచింది. ఆమె చదువుకోలేదు. సంఘం పెట్టిన రోజు నుంచీ ఉంది. ధర్నాలో లాఠీ దెబ్బ తిన్నది. "అయ్యా, మేం తలా యాభై ఇచ్చాం. ఆ డబ్బు ఏం చేశారో చెప్పండి. ఆ పైన ఒక్క ఆడమనిషికైనా కుర్చీ లేదేంది?" అని అడిగింది. మైకు మా చేతిలో ఉంది. "ఇప్పుడు టైము కాదు, కూర్చోమ్మా" అన్నాం. ఆమె కూర్చోలేదు. మనవాడొకడు లేచి, "ఈ అన్నే లేకపోతే నీకు ఇళ్ళపట్టా వచ్చేదా? పట్టా ఇప్పించినోళ్ళనే లెక్కలడుగుతావా?" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె కూర్చుంది. మేము ఉపన్యాసం చెప్పాం, సమానత్వం మీద.

ఆమె మళ్ళీ సభకు రాలేదు. ఆమె సంఘం వదిలేసిందని మేము అనుకున్నాం. ఎవరో అవతలి పార్టీవాళ్ళు ఎగదోశారని కూడా చెప్పుకున్నాం. ఏ ఆధారంతో చెప్పుకున్నామో మాకే తెలియదు.

క్రిస్టీన్ మిల్లర్ గురించి మొదటిసారి చదివిన రోజు మాకు నిద్రపట్టలేదు. ఆయన పెట్టిన భిక్ష కాదా అన్న మాటా, పట్టా ఇప్పించినోళ్ళనే అడుగుతావా అన్న మాటా, రెండూ ఒకటే మాట. మా సభలో విషం లేదు, తుపాకుల్లేవు. నిజమే. కానీ అక్కడ కూడా విషం మొదటి రోజే రాలేదు. మొదట ప్రశ్నకు జవాబు ఆగిపోయింది. తర్వాత ప్రశ్న అడగడం ఆగిపోయింది. మిగతావన్నీ ఆ తర్వాత వచ్చాయి.

పోయిన నెల ఆ అక్క ఇంటికి వెళ్ళాం. మంచం వాల్చి కూర్చోమంది. మంచినీళ్ళిచ్చింది. క్షమించమన్నాం. "నేను సంఘం ఒదిలిపెట్టలా సారూ. మీరే నన్ను కూకోబెట్టారు. కూకున్నా" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. మా దగ్గర జవాబు లేదు.

కాబట్టి ఈ సంచికలో వేరేవాళ్ళకు ఉపదేశం ఇవ్వడం లేదు. మన పని మనం చెప్పుకుంటున్నాం.

సంఘం లెక్కలు ప్రతి పండక్కీ కాగితం మీద రాసి, పల్లెలో రచ్చబండ దగ్గర గోడకు అంటించాలి. చదవలేని వాళ్ళకు చదివి వినిపించాలి. మా దగ్గర ఇది ఈ నెలతో మొదలైంది. వేదిక మీద కుర్చీల్లో సగం ఆడవాళ్ళకు ఉండాలి. నాయకుడి కాళ్ళకు మొక్కడం మానాలి, మొక్కించుకోవడం ఇంకా ముందు మానాలి. సంఘం నుంచి బయటికి పోయినవాడి ఇంటికి వెళ్ళి ఎందుకు పోయావని అడగాలి, అడిగి నోరు మూసుకుని వినాలి. వదిలిపోయిన ప్రతివాడూ ద్రోహి కాదు. 1973లో ఆ ఎనిమిదిమంది మాట ఎవరైనా వినివుంటే, 1977లో ఆ పదిమంది మాట ఇంకా ముందే వినివుంటే ఆ బిడ్డలు బతికేవాళ్ళేమో.

ప్రార్థనా మందిరానికి పోయే మన తల్లులకు కూడా ఇదే చెబుతాం. పొమ్మనీ చెప్పం, వద్దనీ చెప్పం. మీకు శాంతి దొరికే చోటు మీ ఇష్టం. ఒక్కటి చూసుకోండి. ఇచ్చిన కానుకకు లెక్క అడగనిస్తున్నారా? మాత్రలు మానేసి నమ్మకం పెట్టుకోమంటున్నారా? వదిలి వచ్చేస్తానంటే తలుపు తెరిచి ఉంటుందా? బాబాల దగ్గరికి పోయేవాళ్ళు కూడా ఇవే అడగండి. మా సంఘానికి వచ్చేవాళ్ళు మమ్మల్నీ ఇవే అడగండి. అడిగితే ముఖం మాడ్చుకునే చోట మీకు కుర్చీ వేసినా, పట్టువస్త్రం కప్పినా, అది మీది కాదు.

మనల్ని వేల ఏళ్ళు కింద కూర్చోబెట్టారు. పక్కన కూర్చోబెట్టేవాడు కనపడగానే మనకు ప్రాణం లేచొస్తుంది. రావాలి కూడా. కానీ పక్కన కూర్చున్న మనిషి లేచి నిలబడి అడిగే వీలుండాలి. ఆ వీలు ఉన్నచోటే సమానత్వం. లేనిచోట అది కొత్త దొర, కొత్త వెలివాడ.

వచ్చే సభలో ఆ అక్క వస్తుందో రాదో తెలియదు. రావాలని మేము అడిగి వచ్చాం. వస్తే మొదటి మైకు ఆమెకే. ఆమె ఏం అడిగినా, ఎంతసేపు అడిగినా, ఈసారి కూర్చోవాల్సింది మేమే.

జై భీమ్!